విక్టోరియా కాలపు ఆంగ్ల చిత్రపత్రికలు - ధాత కరువు

బ్రిటన్‌ను విక్టోరియా రాణి పరిపాలించిన 1837-1901 మధ్యకాలంలో బొమ్మలకు ప్రాధాన్యమిస్తూ వెలువడిన వార్తాపత్రికలను, హాస్యపత్రికలను విక్టోరియా కాలపు చిత్రపత్రికలు అంటారు. రాజకీయ నాయకులను ఎగతాళి చేసే వ్యంగ్య చిత్రాలు, వీధులు, దుకాణాలు, పేదల ఇళ్ళు మొదలైన నిత్యజీవిత దృశ్యాలు ఈ పత్రికల ద్వారా సామాన్య పాఠకులకు అందుబాటులోకి వచ్చాయి. 1876-78 సంవత్సరాలలో దక్షిణ భారతదేశాన్ని పీడించిన మహా క్షామం కూడా వీటిలో బొమ్మలకెక్కింది. తెలుగునాట దీనిని ధాత కరువు అంటారు. అప్పటి బళ్ళారి జిల్లాలో మనుషుల, పశువుల దుస్థితిని చూపే చిత్రం ఒకటి 1877 అక్టోబరులో లండన్ పత్రిక ది గ్రాఫిక్‌లో అచ్చయింది. నేటి అనంతపురం జిల్లాలోని కంబదూరు, కళ్యాణదుర్గం, గుత్తి ప్రాంతాలు ఆనాడు ఆ బళ్ళారి జిల్లాలోనివే.

ఆంగ్ల వ్యంగ్య చిత్రకళ తన తొలినాళ్ళలో స్వదేశపు పేదల ఆకలికి కారణం ఎవరని సూటిగా ప్రశ్నించింది. మూడు దశాబ్దాల తరువాత రాయలసీమ ఆకలిని చూపిన చిత్రాలలో ఆ ప్రశ్న కనిపించదు. ఈ తేడాను గమనిస్తే ఆ చిత్రాలను చారిత్రక ఆధారాలుగా ఎలా వాడుకోవాలో తెలుస్తుంది.

నేపథ్యం

ఇంగ్లండులో రాజకీయ వ్యంగ్య చిత్రాలు విక్టోరియా రాణి కంటే ముందునుండే ఉన్నాయి. పద్దెనిమిదవ శతాబ్దం చివర, పందొమ్మిదవ శతాబ్దం ఆరంభంలో జేమ్స్ గిల్‌రే, థామస్ రోలండ్‌సన్ వంటి చిత్రకారులు రాజును, మంత్రులను, విదేశీ పాలకులను వికృతమైన ఆకారాలతో గీసి పరిహసించారు. ఈ బొమ్మలను రాగిరేకుపై ఆమ్లంతో చెక్కి, కాగితంపై అచ్చువేసి, చేతితో రంగులు పూసి, విడివిడిగా అమ్మేవారు. కొనగలిగినవారు కొద్దిమందే. మిగిలినవారు లండన్ దుకాణాల అద్దాల ముందు గుమికూడి చూసేవారు.

గిల్‌రే 1815లో, రోలండ్‌సన్ 1827లో మరణించారు. ఆ తరువాత ఈ కళ క్రమంగా మృదువుగా మారింది. జాన్ డాయల్ అనే చిత్రకారుడు హెచ్.బి. అనే పొడి అక్షరాలతో 1829 నుండి 1851 వరకు రాజకీయ చిత్రాలను శిలాముద్రణ పద్ధతిలో వెలువరించాడు. ఆయన బొమ్మలలో నాయకుల ముఖాలు నిజమైన పోలికలతో ఉంటాయి. వికృత రూపాలు, అసభ్యత ఉండవు. మర్యాదస్తుల ఇళ్ళలో బల్లపై పెట్టుకొని చూడదగిన వ్యంగ్యంగా వీటికి పేరు వచ్చింది.

ఇదే కాలంలో పత్రికల ధరలు తగ్గాయి. వార్తాపత్రికల ప్రతి ప్రతిపైన ఉన్న నాలుగు పెన్నీల ముద్రపన్నును 1836లో ఒక పెన్నీకి తగ్గించారు. 1855లో దానిని పూర్తిగా ఎత్తివేశారు. రైలుమార్గాల వల్ల పత్రికలు దూరప్రాంతాలకు త్వరగా చేరసాగాయి. ఈ కారణాల వలన దుకాణపు అద్దంలో ఉండే వ్యంగ్య చిత్రం వారపత్రిక పుటలోకి వచ్చింది.

పంచ్ పత్రిక - కార్టూన్ అనే మాట

పంచ్ అనే హాస్య వారపత్రిక 1841 జూలై 17న లండన్‌లో ప్రారంభమైంది. దీని స్థాపకులలో హెన్రీ మేహ్యూ, మార్క్ లెమన్, చెక్కడపు పనివాడైన ఎబినీజర్ లాండెల్స్ ముఖ్యులు. పారిస్ నగరంలో అప్పటికే నడుస్తున్న షారివారి అనే వ్యంగ్య పత్రికను అనుసరించి దీనికి లండన్ షారివారి అనే ఉపనామం పెట్టారు. ఇంగ్లండులో ప్రసిద్ధమైన బొమ్మలాటలోని గూని పాత్ర పేరు పంచ్. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు పెద్దలను సైతం నోటికి వచ్చినట్లు మాట్లాడినట్లే ఆ పాత్రకూ ఎవరినైనా ఎగతాళి చేసే స్వేచ్ఛ ఉంది. పత్రిక కూడా ఆ స్వేచ్ఛనే తీసుకొంది.

నేడు అనేక భాషలలో వాడుకలో ఉన్న కార్టూన్ అనే మాటకు ఈ అర్థం పంచ్ వల్లనే వచ్చింది. అంతకుముందు ఆ మాటకు అర్థం వేరు. గోడపై పెద్ద చిత్రం వేయడానికి ముందు అదే పరిమాణంలో దళసరి కాగితంపై గీసుకొనే నమూనాను కార్టూన్ అనేవారు. 1834లో బ్రిటిష్ పార్లమెంటు భవనం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కొత్త భవనం గోడలపై చిత్రాలు వేయించడానికి ప్రభుత్వం పోటీ నిర్వహించి, వచ్చిన నమూనాలను 1843లో వెస్ట్‌మినిస్టర్ హాలులో ప్రదర్శించింది. అప్పుడు ఇంగ్లండులో రొట్టె ధర ఎక్కువ, పనులు తక్కువ, పేదలు ఆకలితో ఉన్నారు.

1843 జూలై 15 నాటి పంచ్‌లో జాన్ లీచ్ గీసిన సబ్‌స్టెన్స్ అండ్ షాడో అనే చిత్రం అచ్చయింది. వస్తువు, దాని నీడ అని ఆ శీర్షికకు అర్థం. చిరిగిన బట్టలతో ఉన్న పేదలు, వికలాంగులు, పిల్లలు ప్రదర్శనశాలలో నిలబడి బంగారు చట్రాలలోని గొప్పవారి చిత్రాలను చూస్తున్నట్లు అందులో ఉంది. అన్నం అడిగినవారికి ప్రభుత్వం బొమ్మల ప్రదర్శన చూపిస్తున్నదని దాని భావం. పంచ్ దీనికి మొదటి కార్టూన్ అని పేరు పెట్టింది. ప్రభుత్వం ప్రదర్శించినవి కార్టూన్లైతే తమవి కూడా కార్టూన్లే అని ఎత్తిపొడవడం పత్రిక ఉద్దేశం. ఆనాటి నుండి రాజకీయ వ్యంగ్య చిత్రానికి ఆ పేరు స్థిరపడింది. ఈ విధంగా కార్టూన్ అనే మాట నేటి అర్థంలో పుట్టిందే ఆకలికి, ప్రభుత్వ ఆడంబరానికి మధ్య ఉన్న వైరుధ్యాన్ని చూపడానికి.

ఆ కాలంలో బ్రిటన్‌లో ధాన్యపు చట్టాలు అనేవి అమలులో ఉండేవి. విదేశీ ధాన్యంపై సుంకం విధించి, స్వదేశపు భూస్వాములకు ఎక్కువ ధర వచ్చేలా చేయడం వీటి ప్రయోజనం. దీనివల్ల రొట్టె ధర పెరిగింది. ప్రధానమంత్రి రాబర్ట్ పీల్ 1846లో ఈ చట్టాలను రద్దు చేయించాడు. ఆ సందర్భంలో పంచ్ పీల్‌ను చౌక రొట్టెల దుకాణదారుగా చిత్రించింది. ధర ఎందుకు పెరిగింది, దానికి ఎవరు బాధ్యులు, ఎవరు తగ్గించగలరు అన్న విషయాలు ఈ చిత్రాలను చూసిన సామాన్య పాఠకునికి కూడా తెలిసేవి.

నిత్యజీవిత చిత్రాలు

పంచ్ చిత్రాలన్నీ రాజకీయమైనవి కావు. జాన్ లీచ్ 1864లో మరణించే వరకు మధ్యతరగతి కుటుంబాల జీవితాన్ని వేలకొలది చిన్న చిత్రాలలో గీశాడు. పనిమనుషులతో యజమానురాలి తగాదాలు, గుర్రపు బండ్ల ప్రయాణాలు, సముద్రతీర విహారాలు, అల్లరి పిల్లలు ఆయనకు ఇష్టమైన వస్తువులు. రిచర్డ్ డాయల్ 1849లో ఆంగ్లేయుల ఆచార వ్యవహారాలపై ఒక చిత్రమాలిక వేశాడు. ఈయన హెచ్.బి. కుమారుడు. పంచ్ ముఖచిత్రంగా శతాబ్దానికి పైగా నిలిచిన బొమ్మ ఈయన గీసినదే.

పత్రికల వెలుపల కూడా ఇటువంటి కృషి జరిగింది. జార్జ్ క్రూక్‌షాంక్ 1847లో ది బాటిల్ అనే పేరుతో ఎనిమిది చిత్రాలు వెలువరించాడు. మద్యపానం వల్ల ఒక కుటుంబం మెట్టు మెట్టుగా నాశనం కావడం వాటిలోని కథ. చార్లెస్ డికెన్స్ నవలలకు ఫిజ్ అనే కలంపేరు గల హాబ్లో బ్రౌన్ వేసిన బొమ్మలు లండన్ వీధులను, కోర్టులను, జైళ్ళను పాఠకుల కళ్ళ ముందుంచాయి. పంచ్ స్థాపకులలో ఒకడైన హెన్రీ మేహ్యూ లండన్ కూలీలను, వీధి వ్యాపారులను స్వయంగా ప్రశ్నించి రాసిన గ్రంథంలో ఛాయాచిత్రాల ఆధారంగా చెక్కిన బొమ్మలు ఉన్నాయి.

వార్తలకు బొమ్మలను జోడించి నడిచిన మొదటి వారపత్రిక ది ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్. దీనిని హెర్బర్ట్ ఇంగ్రామ్ 1842 మే 14న ప్రారంభించాడు. మొదటి సంచికలో 16 పుటలు, 32 చిత్రాలు ఉన్నాయి. వెల ఆరు పెన్నీలు. దీనికి పోటీగా విలియం లూసన్ థామస్ 1869 డిసెంబరు 4న ది గ్రాఫిక్ అనే పత్రికను స్థాపించాడు. దాని మొదటి సంచికలోనే ల్యూక్ ఫిల్డ్స్ గీసిన ప్రసిద్ధ చిత్రం ఉంది. రాత్రిపూట తలదాచుకోవడానికి చోటు కోసం లండన్ వీధిలో వరుసగా నిలబడిన నిరుపేదలను అది చూపుతుంది. విన్సెంట్ వాన్ గో వంటి చిత్రకారులు ది గ్రాఫిక్ బొమ్మలను సేకరించి దాచుకొన్నారు.

చిత్రాలను అచ్చువేసే విధానం

ఆ కాలంలో ఛాయాచిత్రాన్ని నేరుగా వార్తాపత్రికలో అచ్చువేసే సాంకేతికత వాడుకలోకి రాలేదు. అందువల్ల ప్రతి బొమ్మను కొయ్యపై చెక్కవలసి వచ్చేది. దీనికి బాక్స్‌వుడ్ అనే గట్టి చెట్టు కొయ్యను అడ్డంగా కోసి, నునుపు చేసి, దానిపై చిత్రాన్ని కుడి ఎడమలు తారుమారుగా గీసేవారు. తెల్లగా ఉండవలసిన భాగాలను సన్నని ఉలితో తొలగించేవారు. మిగిలిన ఎత్తు గీతలకు సిరా అంటుతుంది. ఈ దిమ్మను అక్షరాల అచ్చుతో కలిపి ఒకేసారి ముద్రించవచ్చు. రాగిరేకుకు, శిలాముద్రణకు ఈ సౌకర్యం లేదు. చిత్రపత్రికల విజయానికి ఇది ముఖ్య కారణం.

బాక్స్‌వుడ్ దిమ్మలు చిన్నవి. పెద్ద బొమ్మ కావాలంటే అనేక దిమ్మలను మరలతో బిగించి, దానిపై గీసి, మరల విడదీసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క పనివానికి ఇచ్చేవారు. అందరూ చెక్కిన తరువాత ముక్కలను కలిపేవారు. అందువల్ల వారంలో జరిగిన సంఘటన ఆ వారపు సంచికలోనే బొమ్మగా రావడం సాధ్యమైంది.

దూరదేశాల విషయంలో మరికొన్ని దశలు ఉండేవి. అక్కడి వ్యక్తి ఎవరైనా రేఖాచిత్రమో, ఛాయాచిత్రమో ఓడలో పంపాలి. లండన్‌లోని చిత్రకారుడు దానిని కొయ్యపై తిరిగి గీయాలి. ఆ దేశాన్ని ఎన్నడూ చూడని పనివారు దానిని చెక్కాలి. శీర్షికను సంపాదకుడు రాస్తాడు. అంటే పాఠకుడు చూసే బొమ్మ మూడు నాలుగు చేతులు మారి వచ్చినది.

ఐర్లండు కరువు

స్వదేశపు పేదల పట్ల చూపిన సానుభూతిని ఆంగ్ల వ్యంగ్య పత్రికలు ఇతరుల పట్ల ఎల్లప్పుడూ చూపలేదు. దీనికి ఐర్లండు కరువు మంచి ఉదాహరణ. 1845 నుండి బంగాళాదుంప పంటకు తెగులు సోకి, ఐర్లండులో సుమారు పది లక్షల మంది మరణించారు. 1847 ఫిబ్రవరిలో ది ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ జేమ్స్ మహోనీ అనే ఐరిష్ చిత్రకారుని స్కిబ్బరీన్ ప్రాంతానికి పంపి, అక్కడి దృశ్యాలను ప్రచురించింది. అవి చూసినవారి మనసును కలచివేశాయి.

అయితే 1849 ఫిబ్రవరిలో పంచ్‌లో వచ్చిన లీచ్ చిత్రం వేరు. ఇందులో ఒక ఐరిష్ మనిషి 50,000 పౌండ్ల సంచితో ఆంగ్ల శ్రామికుని వీపుపై ఎక్కి కూర్చొని నవ్వుతుంటాడు. ఐర్లండుకు పార్లమెంటు ఇస్తున్న సహాయం ఆంగ్ల కూలివానికి బరువు అని దీని అర్థం. ఆరేళ్ళ క్రితం లండన్ ఆకలికి ప్రభుత్వాన్ని నిందించిన చిత్రకారుడే ఐర్లండు ఆకలి విషయంలో బాధితునే దోషిగా చూపాడు.

ధాత కరువు

తెలుగువారు కరువులను తెలుగు సంవత్సరాల పేర్లతో గుర్తుంచుకొంటారు. 1832-33 నాటిది నందన కరువు. ధాత నామ సంవత్సరంలో అనగా 1876-77లో వచ్చినది ధాత కరువు. 1876లో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ విఫలమయ్యాయి. మద్రాసు రాష్ట్రం, మైసూరు, హైదరాబాదు, బొంబాయి ప్రాంతాలు దీనికి గురయ్యాయి. రాష్ట్రంలో అత్యధికంగా నష్టపోయిన వాటిలో దత్తమండలాలు ఉన్నాయి. 1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి వచ్చిన బళ్ళారి, కడప, కర్నూలు ప్రాంతాలనే దత్తమండలాలు అంటారు.

కంబదూరు వంటి పల్లెలు ఉన్న పీఠభూమి సహజంగానే వర్షాభావ ప్రాంతం. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి రుతుపవనం బలహీనపడి వస్తుంది. తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య రుతుపవనం కూడా అంతంతమాత్రమే. జొన్న, కొర్ర, రాగి వంటి మెట్ట పంటలు, వాననీటితో నిండే చెరువులు ఇక్కడి జీవనాధారం. ఒక ఏడు వాన తప్పితే రైతు గాదెలోని గింజలతో గట్టెక్కగలడు. వరుసగా పంటలు పోతే మొదట పశువులు, తరువాత సామాను, చివరకు ఊరు విడవవలసి వచ్చేది. భూమిశిస్తును నగదు రూపంలో చెల్లించవలసి ఉండడం ఈ కష్టాన్ని పెంచింది.

ఈ కరువులో మరణించినవారి సంఖ్యపై వేర్వేరు అంచనాలు ఉన్నాయి. అవి సుమారు 56 లక్షల నుండి 96 లక్షల వరకు ఉన్నాయి. ఆధునిక జనాభా శాస్త్రవేత్తల అంచనా ఒకటి 82 లక్షలు. ఆకలితో పాటు కలరా, మలేరియా వంటి వ్యాధులు కూడా అనేకమందిని పొట్టనపెట్టుకొన్నాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య బళ్ళారి జిల్లా జనాభా పెరగకపోగా బాగా తగ్గిపోయింది.

కరువు ప్రాంతంలో రైలుమార్గం లేకపోలేదు. మద్రాసు నుండి గుత్తి మీదుగా రాయచూరు వైపు వెళ్ళే మార్గం 1871 నాటికే పూర్తయింది. ధాన్యం రైలులో రాగలిగినా, దానిని కొనడానికి పని కోల్పోయిన కూలి చేతిలో డబ్బు లేదు. ధాన్యం ధర పెరిగే కొద్దీ అది కొనగలిగినవారి వైపే పోయింది.

ఢిల్లీ దర్బారు - టెంపుల్ కూలి

బ్రిటిష్ ప్రధానమంత్రి బెంజమిన్ డిజ్రేలీ 1876లో చేయించిన చట్టం ద్వారా విక్టోరియా రాణికి భారత చక్రవర్తిని అనే బిరుదు వచ్చింది. ఈ విషయంపై పంచ్‌లో 1876 ఏప్రిల్ 15న జాన్ టెన్నియల్ గీసిన కార్టూన్ ప్రసిద్ధమైనది. న్యూ క్రౌన్స్ ఫర్ ఓల్డ్ వన్స్ అనే దాని శీర్షికకు పాత కిరీటాలకు కొత్త కిరీటాలు అని అర్థం. అల్లావుద్దీన్ కథలో మాయలవాడు పాత దీపాలకు కొత్తవి ఇస్తానని వచ్చినట్లు, డిజ్రేలీ రాణికి కొత్త కిరీటం అందిస్తున్నట్లు ఇందులో ఉంది. బిరుదు వ్యామోహంపై ఇది చక్కని చురక. ఆ చిత్రంలో భారతదేశం ఒక కిరీటంగా మాత్రమే ఉంది, ప్రజల రూపంలో లేదు.

ఆ బిరుదును ప్రకటించడానికి వైస్రాయి లార్డ్ లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో వైభవంగా దర్బారు జరిపించాడు. సంస్థానాధీశులు, అధికారులు, వారి పరివారం వేలాదిగా పాల్గొన్నారు. అదే సమయంలో మద్రాసు రాష్ట్రంలో, మైసూరులో జనం ఆకలితో చనిపోతున్నారు. 1843లో లీచ్ చూపిన వైరుధ్యం మరెన్నో రెట్లు పెద్దదై ఇక్కడ నిజంగా జరిగింది.

దర్బారు ముగిసిన వెంటనే లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా దక్షిణాదికి పంపాడు. టెంపుల్ 1874లో బీహారు, బెంగాలు ప్రాంతాలలో కరువు వచ్చినప్పుడు బర్మా నుండి బియ్యం తెప్పించి, మరణాలను చాలావరకు నివారించిన అధికారి. అయితే అంత ఖర్చు చేసినందుకు అతనిపై తీవ్ర విమర్శలు వచ్చాయి. దక్షిణాదిలో ఆ విమర్శ మళ్ళీ రాకూడదని అతడు పొదుపు పాటించాడు. కరువు పనులలో రోజంతా శ్రమించే మగ కూలికి ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా ఇవ్వాలని 1877 జనవరిలో నిర్ణయించాడు. స్త్రీలకు, పిల్లలకు ఇంకా తక్కువ. దీనికే టెంపుల్ కూలి అనే పేరు వచ్చింది.

మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు డాక్టర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. శ్రమ చేసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానితో పాటు పప్పు, కూరగాయలు ఉండాలని వాదించాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం ధాన్యాన్ని ఒకటింబావు పౌనుకు పెంచి, కొంత పప్పు చేర్చింది. కానీ అప్పటికే చాలా ప్రాణాలు పోయాయి.

చిత్రపత్రికలలో బళ్ళారి, బెంగుళూరు

1877 ఆగస్టులో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు లండన్ నగరానికి సహాయం కోసం విజ్ఞప్తి పంపాడు. లండన్ మేయరు అధికార నివాసమైన మాన్షన్ హౌస్ పేరుతో నిధి ఏర్పడి, లక్షలాది పౌండ్లు వసూలయ్యాయి. ఈ నేపథ్యంలోనే చిత్రపత్రికలు దక్షిణ భారతదేశపు కరువు దృశ్యాలను ప్రచురించాయి.

వీటిలో రెండు బాగా తెలిసినవి. మొదటిది 1877 అక్టోబరులో ది గ్రాఫిక్‌లో వచ్చిన బళ్ళారి జిల్లా చిత్రం. మనుషులతో పాటు పశువుల దుస్థితిని కూడా చూపడం దీని విశేషం. వ్యవసాయ కుటుంబానికి ఎద్దు పోవడమంటే రాబోయే ఏడు సేద్యం కూడా పోవడమే. రెండవది 1877 అక్టోబరు 20 నాటి ది ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో వచ్చినది. బెంగుళూరులో సహాయం కోసం వేచి ఉన్న జనాన్ని అది చూపుతుంది.

మద్రాసు సైన్యానికి చెందిన విల్లోబీ వాలెస్ హూపర్ అనే అధికారి తీసిన ఛాయాచిత్రాలు కూడా ఈ కరువుకు ముఖ్యమైన సాక్ష్యాలు. ఎముకలగూడులైన కుటుంబాలను వరుసగా కూర్చోబెట్టి తీసిన ఈ చిత్రాలు నేటికీ పుస్తకాలలో పునర్ముద్రణ అవుతున్నాయి. ఛాయాచిత్రం కోసం ఆకలితో ఉన్న మనుషులను కదలకుండా కూర్చోబెట్టడం న్యాయమా అనే ప్రశ్న వాటితో పాటే నేటికీ వినిపిస్తుంది.

ఈ పత్రికా చిత్రాలు అచ్చయ్యే సమయానికి, అంటే 1877 సెప్టెంబరు, అక్టోబరు నెలలకు, దక్షిణాదిలో వానలు మళ్ళీ మొదలయ్యాయి. కరువు ఉద్ధృతంగా ఉన్న నెలలలో లండన్ పాఠకుడు చదివినవి చాలావరకు తంతివార్తలే. బొమ్మలు ఆలస్యంగా చేరాయి.

చిత్రాలలో కనిపించనివి

ఈ చిత్రాలు చూసినవారు జాలిపడి విరాళాలు ఇచ్చారు. ఆ డబ్బు విత్తనాలు, ఎద్దులు, బట్టలు కొనుక్కోవడానికి బాధితులకు ఉపయోగపడింది. ఈ మేలును తక్కువ చేయడానికి వీలులేదు. అయితే ఒక ఎండిన పొలం, ఒక ఎముకలగూడు కనిపించినప్పుడు చూసేవారికి తట్టే కారణం ఒక్కటే, వాన పడలేదు అన్నది. మిగిలిన కారణాలు ఆ బొమ్మలలో లేవు.

ఉదాహరణకు, టెంపుల్ కూలి తగ్గింపును ఏ కరువు దృశ్యమూ చూపలేదు. ధాన్యపు వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోరాదన్న లిట్టన్ విధానం బొమ్మకు అందేది కాదు. కరువు కాలంలోనే భారతదేశం నుండి ఇంగ్లండుకు సుమారు 3,20,000 టన్నుల గోధుమ ఎగుమతి అయిందని చరిత్రకారులు చెబుతారు. ఆ గోధుమ బళ్ళారి పొలాలలో పండినది కాదు. కాని ఒక ప్రాంతంలో మిగులు ఉండగా మరొక ప్రాంతంలో ప్రజలు చనిపోయారన్న సంగతిని అది తెలుపుతుంది. శిస్తు బకాయి కూడా బొమ్మలో కనిపించే వస్తువు కాదు.

వ్యంగ్య చిత్రకారుని పని సరిగ్గా ఇటువంటి కనిపించని సంగతులను కనిపించేలా చేయడమే. ధాన్యపు చట్టాల కాలంలో పంచ్ ఆ పని చేసింది. పాఠకుడు తినే రొట్టె ధరకు, మంత్రి చేసిన చట్టానికి గల సంబంధాన్ని ఒక్క బొమ్మలో చూపింది. రొట్టె కొనేది పాఠకుడే, ఓటు వేసేది కూడా అతడి వర్గమే. బళ్ళారి రైతుకు ఆ పత్రిక పాఠకులలోను, ఆ పార్లమెంటు ఓటర్లలోను స్థానం లేదు. విక్టోరియా కాలపు వ్యంగ్యం చిత్రకారుని ప్రతిభపై ఎంత ఆధారపడిందో, దానిని కొని చదివేవారు ఎవరన్న దానిపై కూడా అంతే ఆధారపడింది.

ధాత కరువు కారణాలను బయటపెట్టినవి బొమ్మల కంటే అక్షరాలు, అంకెలే. మద్రాసు టైమ్స్ సంపాదకుడైన విలియం డిగ్బీ 1878లో ఈ కరువుపై రెండు సంపుటాల గ్రంథం ప్రచురించాడు. కార్నిష్ రాసిన నివేదికలు కూలి తగ్గింపు ఫలితాన్ని లెక్కలతో చూపాయి. గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ నీటిపారుదలను నిర్లక్ష్యం చేసి రైళ్ళపై ఖర్చు పెట్టడాన్ని విమర్శించాడు. దాదాభాయి నౌరోజీ, రమేశ్ చంద్ర దత్ వంటివారు శిస్తు విధానాన్ని, దేశసంపద తరలిపోవడాన్ని చర్చకు తెచ్చారు.

భారతీయ పత్రికలు

పంచ్ నమూనా భారతదేశానికి కూడా వచ్చింది. బొంబాయిలో పార్సీ పంచ్ 1854లోనే మొదలైంది. లక్నోలో మున్షీ సజ్జాద్ హుసేన్ 1877లో అవధ్ పంచ్ అనే ఉర్దూ వారపత్రికను స్థాపించాడు. తెలుగులో కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధనిని, 1876లో హాస్యసంజీవనిని రాజమండ్రి నుండి నడిపారు. హాస్యసంజీవని తెలుగులో మొదటి హాస్యపత్రికగా పేరు పొందింది. లంచగొండితనం, మూఢాచారాలు వీరేశలింగం వ్యంగ్యానికి గురయ్యాయి. ఆ వ్యంగ్యం ప్రహసనాలు, సంభాషణల రూపంలో నడిచింది. తెలుగులో కార్టూన్ కళకు ఆద్యుడిగా గుర్తింపు పొందిన తలిశెట్టి రామారావు బొమ్మలు ఇరవయ్యవ శతాబ్దంలో భారతి, ఆంధ్రపత్రికలలో వచ్చాయి.

కరువు ముగుస్తున్న సమయంలో, 1878 మార్చిలో, లిట్టన్ ప్రభుత్వం దేశభాషా పత్రికల చట్టం చేసింది. ప్రభుత్వంపై అసంతృప్తి కలిగించే రాతలు రాసిన దేశభాషా పత్రికల నుండి జామీను తీసుకొనే అధికారం, ముద్రణాలయాన్ని జప్తు చేసే అధికారం దీనివల్ల వచ్చాయి. ఆంగ్ల పత్రికలకు ఇది వర్తించదు. లండన్‌లో పంచ్‌కు ఉన్న స్వేచ్ఛ ఇక్కడి పత్రికలకు లేదనడానికి ఇదే నిదర్శనం. ఈ చట్టం లార్డ్ రిప్పన్ కాలంలో రద్దయింది.

తరువాతి పరిణామాలు

1878లో రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కరువు కమిషన్ ఏర్పడింది. 1880లో అది ఇచ్చిన నివేదిక ఆధారంగా కరువు నియమావళి తయారైంది. కరువును ఎప్పుడు ప్రకటించాలి, పనులు ఎక్కడ ప్రారంభించాలి, కూలి ఎంత ఇవ్వాలి అనే నియమాలు ఇందులో ఉన్నాయి. రాయలసీమ పల్లెలలో ఇరవయ్యవ శతాబ్దమంతా వినిపించిన కరువు పనులు అనే మాట వెనుక ఈ నియమావళి ఉంది. ధాత కరువు కాలంలో కూలీలతో తవ్వించిన కాలువ భాగం వల్ల తీరప్రాంతపు జలమార్గం మద్రాసు వద్ద కలిసి, గవర్నరు పేరుతో బకింగ్‌హామ్ కాలువ అయింది.

1882లో బళ్ళారి జిల్లాను విభజించి అనంతపురం జిల్లాను ఏర్పాటు చేశారు. 1953లో బళ్ళారి జిల్లాలోని అధిక భాగం మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఇందువల్ల 1877 నాటి చిత్రాలలోని బళ్ళారి అన్న పేరు చూసి, అది కేవలం నేటి కర్ణాటక ప్రాంతమని పొరబడే అవకాశం ఉంది. అనంతపురం జిల్లా కరువు చరిత్రను వెదికేవారు 1882కు ముందు కాలానికి బళ్ళారి పేరుతో వెదకాలి.

భారతీయ చిత్రకారులు కరువును గీసినప్పుడు పద్ధతి మారింది. 1943లో బెంగాల్ కరువు కాలంలో చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో కాలినడకన తిరిగి, తాను గీసిన మనుషుల పేర్లను, ఊర్లను బొమ్మల పక్కనే రాశాడు. హంగ్రీ బెంగాల్ అనే ఆ పుస్తకం ప్రతులను ప్రభుత్వం స్వాధీనం చేసుకొని నాశనం చేసింది. రాయలసీమ విషయంలో కరువు జ్ఞాపకం ఎక్కువగా పాటలలో, సామెతలలో, విద్వాన్ విశ్వం రచించిన పెన్నేటి పాట వంటి కావ్యాలలో నిలిచింది.

చిత్రాలను పరిశీలించే పద్ధతి

పాఠ్యపుస్తకాలలోను, ఇతరత్రా ధాత కరువు చిత్రాలు కనిపించినప్పుడు విద్యార్థులు ఈ క్రింది విషయాలను గమనించడం మంచిది.

* చిత్రం ఏ పత్రికలో, ఏ తేదీన వచ్చింది. సంఘటన తేదీకి, అచ్చయిన తేదీకి మధ్య ఎంత ఎడం ఉంది.
* అది ఛాయాచిత్రమా, చేతితో గీసినదా, ఛాయాచిత్రాన్ని చూసి చెక్కినదా.
* శీర్షికలో ఊరి పేరు ఉందా, జిల్లా పేరు మాత్రమే ఉందా. ఆ జిల్లా హద్దులు ఆనాడు ఎక్కడివరకు ఉన్నాయి.
* చిత్రంలోని మనుషులకు పేర్లు ఉన్నాయా. సహాయం చేసే అధికారి పేరు ఉండి, సహాయం పొందేవారి పేరు లేకపోతే అది కూడా గమనించదగిన విషయమే.
* చిత్రం ఎవరికోసం వేశారు. విరాళం ఇచ్చేవారికోసమా, ఓటు వేసేవారికోసమా, బాధితులకోసమా.
* కరువుకు ఏ కారణాన్ని చిత్రం సూచిస్తున్నది. అదే కాలపు నివేదికలు ఏ కారణాలు చెబుతున్నాయి.

ఈ ప్రశ్నలను పంచ్ మొదటి కార్టూన్‌కు, ది గ్రాఫిక్ బళ్ళారి చిత్రానికి వేసి చూస్తే రెండింటి మధ్య తేడా స్పష్టమవుతుంది. మొదటి దానిలో పేదలతో పాటు వారికి జవాబు చెప్పవలసిన ప్రభుత్వం కూడా ఉంది. రెండవ దానిలో బాధితులు మాత్రమే ఉన్నారు. ఆ లోటును పూరించుకోవడానికి ధాత కరువు చిత్రాలను కార్నిష్, డిగ్బీల రచనలతోను, కరువు కమిషన్ నివేదికతోను కలిపి చదవాలి.